పాత ప్యాక్‌మ్యాన్ మెషీన్‌లో మల్టీగేమ్ కిట్: ఏది పెట్టాలి, ఏది వద్దు

ప్యాక్‌మ్యాన్, మిస్ ప్యాక్‌మ్యాన్ లాంటి 1980ల నాటి నిలువెత్తు మెషీన్లను కొని బేస్‌మెంట్‌లో పెట్టుకునే మనవాళ్ళు అమెరికాలో అక్కడక్కడా కనిపిస్తున్నారు. కొన్న కొత్తలో ఒక్క గేమే చాలనిపిస్తుంది. కొన్నాళ్ళకు పిల్లలు "ఇందులో ఇంకేమీ లేవా?" అంటారు. ఇంటికొచ్చిన స్నేహితులు గలాగా ఉందా అని అడుగుతారు. ఒకే మెషీన్‌లో చాలా గేములు ఆడించే మల్టీగేమ్ కిట్ కోసం వెతుకులాట అక్కడ మొదలవుతుంది.

వెతికితే ఒకే పేరు కింద నాలుగు రకాల సరుకు కనిపిస్తుంది. ఒకటి, గేమును నడిపే పాత సర్క్యూట్ బోర్డు మీదే కూర్చునే చిన్న బోర్డు. రెండు, పాత బోర్డును తీసేసి దాని స్థానంలో బిగించే కొత్త బోర్డు. "60 ఇన్ 1" పేరుతో దొరికేది ఈ రకమే. మూడు, పాత యంత్రపు సర్క్యూట్‌నే తన లోపల మళ్ళీ కట్టే ఎఫ్‌పీజీఏ అనే చిప్పు. నాలుగు, క్యాబినెట్ లోపల ఒక కంప్యూటర్ గానీ రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతి సైజు కంప్యూటర్ గానీ పెట్టేయడం. అమ్మేవాళ్ళు ముందు పెట్టేది గేముల సంఖ్య. ఎంపికకు అన్నిటికంటే తక్కువ పనికొచ్చేది కూడా ఆ సంఖ్యే. అరవై గేముల్లో మీ ఇంట్లో నిజంగా ఆడేవి ఐదారుకు మించవు. చూడాల్సినవి వేరే మూడున్నాయి: మీ పాత బోర్డు పనిచేస్తోందా, మీ ప్యానెల్ మీద ఏ జాయ్‌స్టిక్, ఎన్ని బటన్లు ఉన్నాయి, రేపు మనసు మారితే మెషీన్‌ను ఉన్నది ఉన్నట్టు వెనక్కి తేగలమా.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పాత బోర్డు పనిచేస్తుంటే దాని మీద కూర్చునే కిట్ తప్ప ఇంకోటి చూడనవసరం లేదు. బోర్డు పాడైపోయి, బాగుచేయించడం మీ వల్ల కాకపోతేనే మిగతా మూడింటి సంగతి. ఏది పెట్టినా ఒక్క వైరు కూడా కోయకుండా, పాత ప్యానెల్‌కు ఒక్క కొత్త రంధ్రం కూడా పడకుండా పెట్టాలి. ఈ క్యాబినెట్లు ఇక కొత్తగా తయారు కావు. 1980ల మధ్యలో ఒక గేముకు గిరాకీ తగ్గగానే, మెషీన్లు పెట్టి డబ్బు సంపాదించే ఆపరేటర్లు అదే క్యాబినెట్‌కు నల్లరంగు కొట్టి, ప్యానెల్‌కు రంధ్రాలు చేసి, ఇంకో గేము పెట్టేవాళ్ళు. అది వాళ్ళ బతుకుదెరువు, తప్పుపట్టలేం. కానీ అలా పోగా మిగిలినవే ఇప్పుడు మన చేతికి వస్తున్నాయి. మనం డబ్బుల కోసం కాకుండా ఇష్టంతో కొంటున్నాం కాబట్టి మన చేతిలో ఇంకొకటి పాడవకూడదు.

మిస్ ప్యాక్‌మ్యాన్ పుట్టిందే కిట్‌గా

పాత మెషీన్‌లో ఏ కిట్ పెట్టినా అపచారమే అనేవాళ్ళు ఉన్నారు. వాళ్ళకు మిస్ ప్యాక్‌మ్యాన్ కథే సమాధానం. ఎంఐటీలో చదువుతూ క్యాంపస్‌లో గేమ్ మెషీన్లు నడిపిన డగ్ మెక్రే, కెవిన్ కరన్ కలిసి జనరల్ కంప్యూటర్ కార్పొరేషన్ పెట్టారు. ఆడేవాళ్ళకు అటారీ గేము మిసైల్ కమాండ్ బాగా అలవాటైపోయి రాబడి తగ్గుతోందని, 1981లో దానికి సూపర్ మిసైల్ అటాక్ అనే కిట్ తయారుచేశారు. అటారీ కోర్టుకెక్కింది, ఆ తగాదా రాజీతో ముగిసింది. అప్పటికే వాళ్ళు ప్యాక్‌మ్యాన్ కోసం క్రేజీ ఒట్టో అనే ఇంకో కిట్ సిద్ధం చేస్తున్నారు. దాన్ని నేరుగా అమెరికాలో ప్యాక్‌మ్యాన్ మెషీన్లు తయారుచేసే మిడ్‌వే దగ్గరికే తీసుకెళ్ళారు. మిడ్‌వే కొనుక్కుంది, బొమ్మలు మారాయి, 1982లో అదే మిస్ ప్యాక్‌మ్యాన్ అయింది.

అందుకే మిస్ ప్యాక్‌మ్యాన్ మెషీన్ వెనక తలుపు తీసి చూస్తే ఉండేది ప్యాక్‌మ్యాన్ బోర్డే. దాని మీది జెడ్80 ప్రాసెసర్‌ను సాకెట్ నుంచి తీసి, ఆ సాకెట్ నుంచి రిబ్బన్ కేబుల్‌తో ఒక చిన్న బోర్డుకు కలిపి, జెడ్80ని ఆ చిన్న బోర్డు మీద పెట్టారు. పాత ప్యాక్‌మ్యాన్ ప్రోగ్రాం చిప్పులు కింద అలాగే ఉంటాయి. ఇప్పుడు అమ్ముతున్న మొదటి రకం మల్టీగేమ్ కిట్లు వాడేది అదే జెడ్80 సాకెట్‌ను. ఈ మెషీన్ పుట్టుకలోనే ఉన్న పద్ధతి కాబట్టి ఈ రకం పెట్టడంలో నాకు ఏ అభ్యంతరమూ కనిపించదు.

మొదటి దారి: పాత బోర్డు మీదే కిట్

జెడ్80 తీసి కిట్ మీద పెట్టాలి, కిట్‌ను జెడ్80 సాకెట్‌లో గుచ్చాలి. కొన్ని కిట్లకు బొమ్మల చిప్పులు, రంగుల చిప్పులు కూడా మార్చాలి. సోల్డరింగ్ చాలావాటికి అక్కర్లేదు. తీసిన చిప్పులు దాచుకుంటే అరగంటలో మెషీన్ మళ్ళీ పాత స్థితికి వస్తుంది.

దీని బలం, పరిమితి రెండూ ఒకే చోట నుంచి వస్తాయి: గేము నడిచేది మీ పాత హార్డ్‌వేర్ మీదే. బొమ్మను గీసేది ఆ బోర్డే, శబ్దం పుట్టించేది ఆ బోర్డే. అందువల్ల ఆడేటప్పుడు అసలుకూ దీనికీ తేడా ఉండదు, ఎందుకంటే ఇదే అసలు. స్క్రీన్ సెకనుకు 60.6 సార్లు మారే ఆ లెక్క కూడా అలాగే ఉంటుంది. కానీ ఆ హార్డ్‌వేర్ చేయగలిగిన గేములే వస్తాయి. ప్యాక్‌మ్యాన్, మిస్ ప్యాక్‌మ్యాన్, ప్యాక్‌మ్యాన్ ప్లస్, అదే బోర్డు మీద అప్పట్లో వచ్చిన క్రష్ రోలర్, పొన్‌పోకో, ఐస్ (Eyes), లిజర్డ్ విజర్డ్ లాంటివి, ఆ పైన చిట్టడవులు మార్చి, వేగం పెంచి అభిమానులు చేసిన రకరకాల ప్యాక్‌మ్యాన్లు. కిట్ పెట్టె మీద పెద్ద సంఖ్య కనిపిస్తే అందులో ఎక్కువ భాగం ఈ చివరి రకమే అనుకోండి.

గలాగా రాదు. ఎంతమంది అడిగినా ఇది అంతే. గలాగా బోర్డులో మూడు జెడ్80లు ఉంటాయి, ప్యాక్‌మ్యాన్ బోర్డులో ఉన్నది ఒక్కటి. అవి రెండు వేర్వేరు యంత్రాలు. "గలాగా కూడా ఉండాలి" అన్నది మీ మొదటి షరతైతే ఈ దారి మీది కాదు. ఆ సంగతి కొనకముందే తేల్చుకోండి.

దీంతో వచ్చే ఒక లాభానికి నేను చాలా విలువిస్తాను. ఒరిజినల్ ప్యాక్‌మ్యాన్ బోర్డులో హైస్కోర్ కరెంటు ఆపగానే పోతుంది. ఈ కిట్లలో చాలావాటికి స్కోరు దాచుకునే మెమరీ ఉంటుంది, కాయిన్ వేయకుండా ఆడే ఫ్రీ ప్లే కూడా మెనూలో ఉంటుంది. ఇంట్లో మెషీన్ పెట్టుకున్నవాళ్ళకు కొత్త గేముల కంటే ఈ రెండే ఎక్కువ పనికొస్తాయి. అన్నదమ్ములిద్దరూ ఒకరి స్కోరు మీద ఒకరు పోటీపడాలంటే నిన్నటి స్కోరు ఇవాళ కనిపించాలి కదా.

ముందు బోర్డు ఆరోగ్యం చూసుకోవాలి. మిడ్‌వే ప్యాక్‌మ్యాన్‌లో క్యాబినెట్ అడుగున ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఏసీ కరెంటే నేరుగా గేమ్ బోర్డు దాకా వస్తుంది. దాన్ని డీసీగా మార్చి 5 వోల్టులకు దించేది బోర్డు మీదున్న భాగాలే. ఎక్కువ కరెంటు ఆ 44 పిన్నుల కనెక్టర్ గుండా పోతుంది కాబట్టి ఏళ్ళ తరబడి వేడెక్కి అక్కడి పిన్నులు నల్లబడతాయి, మాడతాయి. కిట్ కొనేముందు మల్టీమీటర్ తీసుకుని జెడ్80 చిప్పు 11వ పిన్ను, 29వ పిన్ను మధ్య కొలవండి. 11 అంటే 5 వోల్టులు, 29 అంటే గ్రౌండ్. 4.9కీ 5.1కీ మధ్య ఉంటే నిశ్చింత. అంతకంటే బాగా తక్కువుంటే ముందు కనెక్టర్ బాగుచేయించండి. ఆ స్థితిలో కిట్ పెడితే గేము మధ్యలో రీసెట్ అవుతుంది, నిందేమో కిట్ మీద పడుతుంది. పాత సాకెట్లు కూడా నలభై ఏళ్ళకు పట్టు వదులుతాయి. జెడ్80 వేలితో లాగితేనే ఊడి వచ్చేస్తోందంటే ఆ సాకెట్ మార్పించాలి, దానికి మాత్రం సోల్డరింగ్ తెలిసిన చేయి కావాలి.

రెండో దారి: 60 ఇన్ 1

ఎక్కువమంది కొనేది ఇదే. ధర సాధారణంగా వంద డాలర్ల లోపే. ప్యాక్‌మ్యాన్, గలాగా, డాంకీ కాంగ్, ఫ్రాగర్, 1942 అన్నీ ఒకే చోట, అన్నీ నిలువు స్క్రీన్ గేములే. బోర్డు మీదున్న చిన్న ప్రాసెసర్ ఆ పాత యంత్రాలన్నిటినీ సాఫ్ట్‌వేర్‌తో అనుకరిస్తుంది. హక్కుదారుల లైసెన్స్ లేకుండా తయారైన సరుకు ఇది. ఆ విషయం తెలిసే కొనాలి. లైసెన్స్‌తో కావాలనుకునేవాళ్ళకు మిస్ ప్యాక్‌మ్యాన్, గలాగా రెండూ కలిపి, ప్యాక్‌మ్యాన్‌ను సృష్టించిన జపాన్ సంస్థ నామ్కో స్వయంగా తెచ్చిన మెషీన్ వేరే ఉంది. పాత క్యాబినెట్‌ను కదపకుండా దాన్నే పక్కన తెచ్చి పెట్టుకోవడం స్థలం ఉన్నవాళ్ళకు చాలా మంచి దారి.

అనుకరణ అన్ని గేములకూ ఒకేలా కుదరదు. ప్యాక్‌మ్యాన్ శబ్దం మూడు గొంతుల డిజిటల్ పద్ధతి, దాన్ని పట్టుకోవడం తేలిక. గలాగాలో పేలుడు శబ్దానికి నామ్కో ప్రత్యేకంగా ఒక చిప్పు పెట్టింది. డాంకీ కాంగ్‌లో నడక, గెంతు శబ్దాలు రెసిస్టర్లు, కెపాసిటర్లతో కట్టిన అనలాగ్ సర్క్యూట్ నుంచి వచ్చేవి. ఇలాంటివి చిన్న ప్రాసెసర్ చేతిలో పలచబడిపోతాయి. ఆ గేములు చిన్నప్పుడు ఆడినవాళ్ళ చెవికి ఇది వెంటనే తెలుస్తుంది, కొత్తగా ఆడే పిల్లలకు పట్టదు. మీ ఇంట్లో ఆడేది ఎవరో చూసుకోండి.

అసలు జాగ్రత్త కరెంటు దగ్గర. 60 ఇన్ 1 బోర్డు జామా పద్ధతిలో ఉంటుంది. జామా అంటే 1985లో జపాన్ తయారీదారుల సంఘం తెచ్చిన ఉమ్మడి వైరింగ్ పద్ధతి: 56 పిన్నుల కనెక్టర్, డీసీ 5 వోల్టులు, 12 వోల్టులు. ప్యాక్‌మ్యాన్ దానికంటే ఐదేళ్ళు పాతది. దాని 44 పిన్నుల కనెక్టర్‌లో వచ్చేది, ఇందాక చెప్పినట్టు, ఏసీ. ఆ ఏసీ జామా బోర్డు 5 వోల్టుల పిన్నుకు తగిలితే బోర్డు కాలిపోతుంది. కాబట్టి మూడు వస్తువులు కలిపి కొనాలి: బోర్డు, ప్యాక్‌మ్యాన్ నుంచి జామాకు మార్చే అడాప్టర్, విడిగా ఒక స్విచింగ్ పవర్ సప్లై. పాత కనెక్టర్ అడాప్టర్‌కు ఒకవైపు తగులుతుంది, కొత్త బోర్డు రెండోవైపు, కరెంటు మాత్రం కొత్త సప్లై నుంచి. ఏసీ పిన్నులు అడాప్టర్‌లో ఎక్కడ ఆగుతున్నాయో అమ్మేవాళ్ళను అడిగి తెలుసుకోండి, మీటరుతో మీరూ చూసుకోండి. అడాప్టర్‌కు డబ్బులెందుకని పాత వైర్లు కోసి కొత్త కనెక్టర్ వేసే మెకానిక్కులున్నారు. ఒప్పుకోకండి. అడాప్టర్ ధర కొద్దిపాటిదే, కోసిన వైరింగ్‌ను మళ్ళీ కట్టడం రోజుల పని.

మానిటర్ విషయంలో ఈ బోర్డు మంచిదే. పాత పిక్చర్ ట్యూబుకు కావాల్సిన 15 కిలోహెర్ట్జ్ (స్క్రీన్ మీద గీతలు గీసే వేగం), కొత్త స్క్రీన్లకు కావాల్సిన 31 కిలోహెర్ట్జ్ రెండూ ఇస్తుంది, చిన్న స్విచ్‌తో మార్చుకోవాలి. బిగించేముందే 15లో ఉందో లేదో చూడండి. 31 వెళ్తే పాత మానిటర్ మీద బొమ్మ చిందరవందర అవుతుంది, మానిటర్ లోపలి భాగాలకూ మంచిది కాదు.

ఎవరూ ముందు చెప్పని ప్యానెల్ సమస్య

ప్యాక్‌మ్యాన్ ప్యానెల్ మీద ఏముంది? నడిమధ్య ఒక జాయ్‌స్టిక్, రెండు స్టార్ట్ బటన్లు. అంతే. ఫైర్ బటన్ లేదు, ఎందుకంటే ప్యాక్‌మ్యాన్ దేన్నీ కాల్చడు. 60 ఇన్ 1 పెట్టిన మరుక్షణం గలాగాకు ఒక బటన్ కావాలి, 1942కు రెండు కావాలి. జాయ్‌స్టిక్ కూడా నాలుగు దిక్కులదే. ప్యాక్‌మ్యాన్‌కు అదే ఉండాలి, ఎనిమిది దిక్కులది పెడితే మూలల్లో తిప్పేటప్పుడు తడబడుతుంది. 1942కు మాత్రం ఎనిమిది దిక్కులు కావాలి, లేకపోతే విమానం ఐమూలగా వెళ్ళదు. ఒకే స్టిక్‌తో అన్ని గేములనూ సరిగ్గా ఆడటం కుదరని పని. నాలుగుకూ ఎనిమిదికీ మార్చుకునే స్టిక్కులు దొరుకుతాయి, కానీ ప్రతి గేముకూ మార్చుకుంటూ కూర్చునే ఓపిక ఇంట్లో ఎవరికుంటుంది?

దీనికి నేను చెప్పే మార్గం ఒక్కటే. పాత ప్యానెల్‌ను అలాగే విప్పి గుడ్డలో చుట్టి దాచండి. అదే కొలతలతో కొత్తగా చేసి అమ్మే ప్యానెల్ ఒకటి తెప్పించి, రంధ్రాలేవో దానికి చేసుకోండి. ఈ ఖర్చు కూడా కలిపితే 60 ఇన్ 1 మొదట కనిపించినంత చవకేమీ కాదు. మొదటి రకం కిట్‌లో ఈ తలనొప్పి లేదు. ప్యాక్‌మ్యాన్ తరహా గేములన్నీ దాదాపు నాలుగు దిక్కుల స్టిక్‌తోనే నడుస్తాయి కాబట్టి వాటికి పాత ప్యానెల్ చాలు. పొన్‌పోకో, ఐస్, లిజర్డ్ విజర్డ్ లాంటి కొన్నిటికి మాత్రం ఒక బటన్ కావాలి.

ఎఫ్‌పీజీఏ, కంప్యూటర్

ఎఫ్‌పీజీఏ అంటే లోపలి సర్క్యూట్‌ను మనకు కావాల్సినట్టు అమర్చుకోగలిగే చిప్పు. సాఫ్ట్‌వేర్‌తో పాత యంత్రాన్ని నటింపజేయడం కాకుండా, ఆ యంత్రపు సర్క్యూట్‌నే చిప్పు లోపల మళ్ళీ కడతారు. ఇందులో ఎక్కువమంది వాడేది మిస్టర్ అనే ప్రాజెక్టు. డీఈ10 నానో అనే బోర్డు మీద నడుస్తుంది. ప్యాక్‌మ్యాన్, గలాగా, డాంకీ కాంగ్ అన్నిటికీ అందులో కోర్లు, అంటే ఆ యంత్రాల సర్క్యూట్ నమూనాలు, ఉన్నాయి, జామాకు కలిపే అడాప్టర్లూ దొరుకుతాయి. పాత పిక్చర్ ట్యూబుకు నేరుగా 15 కిలోహెర్ట్జ్ ఇస్తుంది. స్టిక్ కదిపిన క్షణానికీ బొమ్మ కదిలిన క్షణానికీ మధ్య జాప్యం అసలు బోర్డులో ఎంతో ఇందులోనూ దాదాపు అంతే.

పాత బోర్డు పోయినవాళ్ళలో చెవి, కన్ను పట్టింపు ఉన్నవాళ్ళకు నేను 60 ఇన్ 1 కంటే దీన్నే చెబుతాను. బోర్డు, అడాప్టర్, పవర్ సప్లై అన్నీ కలిపితే 60 ఇన్ 1కు చాలా రెట్లు ఖర్చవుతుంది. ఫైళ్ళు మీరే సమకూర్చుకోవాలి, కోర్లు అప్‌డేట్ చేసుకోవాలి. అలాంటి పని ఆనందమనుకునేవాళ్ళకు మంచిది. స్విచ్ వేస్తే గేము రావాలి, అంతకుమించి నాకేమీ తెలియనక్కర్లేదు అనుకునేవాళ్ళకు వద్దు.

కంప్యూటర్ దారి గురించి. పాత యంత్రాలను సాఫ్ట్‌వేర్‌తో అనుకరించే మేమ్ అనే ఎమ్యులేటర్‌ను నికోలా సాల్మోరియా 1997లో మొదలుపెట్టారు. ఇప్పుడది వేల గేములను నడుపుతుంది, ఈ పాత యంత్రాల చరిత్ర ఇంతగా భద్రపడిందంటే దాని చలవే. పాత మానిటర్‌కు తగిన సిగ్నల్ రావాలంటే కంప్యూటర్‌లో ప్రత్యేకమైన గ్రాఫిక్స్ కార్డో డ్రైవరో పెట్టాలి. కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు మొదటి కొన్ని క్షణాలు 31 కిలోహెర్ట్జ్ పంపుతుంది కాబట్టి దాన్ని అడ్డుకునే జె ప్యాక్ లాంటి బోర్డు మధ్యలో ఉండాలి. రాస్ప్‌బెర్రీ పై చవక, చిన్నది. కానీ ఆర్కేడ్ మెషీన్‌ను మనం గోడ దగ్గర స్విచ్‌తో ఆపేస్తాం. షట్‌డౌన్ చేయకుండా అలా ఆపుతూ పోతే మెమరీ కార్డు ఏదో ఒక రోజు పాడవుతుంది. వేల గేముల మెనూ ముందు నిలబడి పిల్లలు గేము ఎంచుకోవడంలోనే సమయం గడిపేస్తారు కూడా. పాత ప్యాక్‌మ్యాన్ క్యాబినెట్‌కు నేను ఈ దారి చెప్పను. అప్పటికే ఎవరో నల్లరంగు కొట్టి, వైర్లు కోసి, లోపల ఖాళీగా వదిలేసిన క్యాబినెట్ దొరికితే మాత్రం దానికి ఇంతకంటే మంచి ఉపయోగం లేదు.

మీది వేరే మెషీనైతే

డాంకీ కాంగ్ ఉన్నవాళ్ళకు ఒక హెచ్చరిక. నింటెండో ఆ రోజుల్లో వాడిన సాన్యో మానిటర్‌కు రంగుల సిగ్నల్ తలకిందులుగా వెళ్ళాలి. మామూలు జామా బోర్డు కలిపితే నలుపు తెలుపుగా, తెలుపు నలుపుగా కనిపిస్తుంది. సిగ్నల్‌ను తిప్పే ఇన్వర్టర్ బోర్డు అదనంగా కావాలి. డాంకీ కాంగ్‌కు కూడా జెడ్80 సాకెట్‌లో కూర్చునే కిట్లున్నాయి, నా సలహా అక్కడా అదే.

విలియమ్స్ మెషీన్లు, అంటే డిఫెండర్, రోబోట్రాన్, జౌస్ట్, ఒకే కుటుంబపు హార్డ్‌వేరే, ప్రాసెసర్ 6809. కానీ రోబోట్రాన్‌కు రెండు జాయ్‌స్టిక్‌లు, జౌస్ట్‌కు ఎడమకూ కుడికీ కదిలే స్టిక్, ఒక్క బటన్. డిఫెండర్‌కు చేతినిండా బటన్లు. ఒకే ప్యానెల్‌తో మూడూ ఆడటం కలిసిరాదు. అక్కడ మల్టీగేమ్ కంటే ముందు చేయాల్సిన పని బోర్డు మీదున్న మూడు పెన్‌టార్చ్ బ్యాటరీలు తీసేయడం. అవి కారితే బోర్డును తినేస్తాయి.

ఇక మన దగ్గర 90లలో వీడియో గేమ్ పార్లర్లు చూసినవాళ్ళకు గుర్తుండేవి జామా కాలపు అడ్డ స్క్రీన్ గేములు. ముస్తఫా అని మనమంతా పిలిచిన గేము అసలు పేరు క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్, క్యాప్‌కామ్ 1993లో తెచ్చింది. అలాంటి జామా క్యాబినెట్ మీ దగ్గరుంటే ఈ వ్యాసంలోని కష్టాల్లో సగం మీకు లేవు: అడాప్టర్ అక్కర్లేదు, బోర్డు తీసి బోర్డు పెట్టడమే. పండోరా బాక్స్ పేరుతో దొరికే బోర్డులు ఈ అడ్డ స్క్రీన్ గేముల కోసమే. కొనేటప్పుడు ఆ మోడల్‌లో 15 కిలోహెర్ట్జ్ అవుట్‌పుట్ ఉందో లేదో తప్పక అడగండి. ముస్తఫా అసలు బోర్డే మీ దగ్గరుంటే దాన్ని పక్కన పడేయకండి. అందులో ఒక బ్యాటరీ ఉంటుంది, అది అయిపోతే బోర్డుకు కావాల్సిన సమాచారం చెరిగిపోయి గేము సరిగ్గా నడవదు. బ్యాటరీ సంగతి ముందే తెలిసినవాళ్ళతో చూపించండి.

అమెరికా నుంచి ఇండియాకు మెషీన్ తెచ్చుకునేవాళ్ళు ఇక్కడి 230 వోల్టులకు నేరుగా తగిలించకండి. తగినంత సామర్థ్యమున్న స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి.

బిగించే రోజు

ప్లగ్ గోడ నుంచి పీకేశాకే వెనక తలుపు తీయండి. స్విచ్ ఆపితే చాలదు. పిక్చర్ ట్యూబు దగ్గర ఇరవై వేల వోల్టులు, అంతకంటే ఎక్కువ కూడా ఉంటాయి. ఆపిన తర్వాత కూడా కొంత నిలిచి ఉంటుంది. కిట్ పెట్టడానికి ట్యూబు దాకా చేయి పోనక్కర్లేదు, పోనివ్వకండి. ట్యూబు మెడ సన్నటి గాజు, మోచేయి తగిలినా విరుగుతుంది.

తీసేముందు ప్రతి కనెక్టర్‌నూ, ప్రతి చిప్పునూ ఫోన్‌తో ఫోటో తీయండి. జెడ్80 ఒక చివర ఉండే గంటు ఎటు చూస్తోందో ఫోటోలో కనబడాలి. తిరగేసి పెడితే చిప్పు పోతుంది. లాగేటప్పుడు రెండు చివర్ల నుంచీ కొద్దికొద్దిగా లేపాలి, ఒకవైపు నుంచే పీకితే కాళ్ళు వంగుతాయి. కిట్ కూర్చోబెట్టాక ఏ కాలూ సాకెట్ బయట మడతపడలేదని టార్చి వేసి చూసి, కరెంటు ఇచ్చి, 11, 29 పిన్నుల మధ్య మళ్ళీ కొలవండి. కిట్ కూడా కొంత కరెంటు తీసుకుంటుంది కాబట్టి వోల్టేజ్ ఇంతకుముందుకంటే కాస్త తగ్గవచ్చు. 4.9 కిందికి జారితే ఆడటం ఆపి కనెక్టర్ చూడండి.

బొమ్మ వంకరగా, మసకగా ఉంటే కిట్ కొనకముందే మానిటర్ బాగుచేయించండి. పాత కెపాసిటర్లు మార్చడం ఈ నాలుగు దారుల్లో దేనికంటే ముందు పెట్టాల్సిన ఖర్చు.

తీసిన చిప్పులు యాంటీ స్టాటిక్ కవర్లో, స్క్రూలు చిన్న డబ్బాలో వేసి, పైన ఏది దేనిదో రాసి క్యాబినెట్ అడుగునే పెట్టండి. ఇల్లు మారినప్పుడు పోయేవి అల్మారాలో విడిగా దాచినవే. రేపు మెషీన్ అమ్మాల్సి వచ్చినా, కొనేవాళ్ళు మొదట అడిగేది పాత బోర్డు, పాత ప్యానెల్ ఉన్నాయా అనే. రెండూ ఉంటే ధర వేరు, లేకపోతే వేరు.